తుపాకి దించి డేగను ఎత్తుకున్న షేక్ జాయెద్: వేటలో ఖరీదైన సామాను గొప్పదా, నేర్పు గొప్పదా?

ఏటా ఎండాకాలం ముగిసే రోజుల్లో అబుదాబీలో వేట, గుర్రపుస్వారీల మీద పెద్ద ప్రదర్శన జరుగుతుంది. 2003లో మొదలైన ఈ ప్రదర్శనను అందరూ అడిహెక్స్ అంటారు. వేటతో మనకు సంబంధం లేకపోయినా పిల్లలకు గుర్రాలు, డేగలు, సలూకి కుక్కలు చూపించవచ్చని మన తెలుగు కుటుంబాలు కూడా వెళ్తుంటాయి. అక్కడ అమ్మకానికి పెట్టే సామాను చూస్తే కళ్ళు తిరుగుతాయి. కార్బన్ ఫైబర్ గాలాలు, చీకట్లో కూడా చూపించే దుర్భిణులు, ఇసుకలో నడిచేలా మార్చిన జీపులు, డేగ తోకకు కట్టే ట్రాన్స్‌మిటర్లు. వేలంలో ఒక్కో డేగ లక్షల దిర్హాములు పలుకుతుంది.

ఇవన్నీ చూశాక ఎవరికైనా వచ్చే సందేహం ఒకటుంది. ఇంత ఖర్చు పెట్టినవాడు మంచి వేటగాడు అయిపోతాడా? పాత సామానుతోనైనా పని తెలిసినవాడే ముందుంటాడా?

మన ఊళ్ళ అనుభవం అడిగితే జవాబు తేలికే. వెదురు కర్రకు దారం కట్టి, వానపామును గుచ్చి చెరువు గట్టున కూర్చున్న తాత సాయంత్రానికి కూరకు సరిపడా చేపలు తెస్తాడు. పట్నం నుంచి రీలు గాలం తెచ్చుకున్న అల్లుడుగారు ఖాళీ సంచితో వస్తారు. నీళ్ళ రంగు, గాలి వాటం, చేప మేసే వేళ తెలియకపోతే గాలం ఎంత ఖరీదైనా లాభం లేదు.

కానీ నేర్పున్న మనిషి చేతికే మంచి సామాను వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మనం ఉంటున్న ఈ దేశాన్ని నిలబెట్టిన షేక్ జాయెద్ బిన్ సుల్తాన్ అల్ నహ్యాన్ జీవితంలో దొరుకుతుంది. ఆయన పేరు మీద రోడ్డు, మసీదు, యూనివర్సిటీ అన్నీ మనకు తెలుసు. ఆయన ఎలాంటి వేటగాడో, తుపాకి వేటను ఎందుకు మానుకున్నారో మనలో చాలామందికి తెలియదు.

ఎడారే బడి

జాయెద్ 1918 ప్రాంతంలో అబుదాబీలో పుట్టారు. తండ్రి షేక్ సుల్తాన్ 1922 నుంచి 1926 వరకు అబుదాబీని పాలించి, కుటుంబ కలహాల్లో హత్యకు గురయ్యారు. జాయెద్ అప్పటికి చిన్న పిల్లవాడు. అన్నదమ్ముల మధ్య ఇక మీదట రక్తం చిందకూడదని తల్లి షేఖా సలామా కొడుకుల చేత ప్రమాణం చేయించారు. కొడుకులు ఆ మాట నిలబెట్టుకున్నారు. 1928లో పెద్దన్న షఖ్‌బూత్ పాలకుడయ్యారు.

ఆ రోజుల్లో ఇక్కడ కరెంటు లేదు, రోడ్డు లేదు, మనం అనుకునే బడి లేదు. జాయెద్ నేర్చుకున్నది ఖురాన్, ఆపైన ఎడారి. ఆయన పెరిగింది ఎక్కువగా అల్ ఐన్ ఒయాసిస్ ప్రాంతంలో. అక్కడి బెదూయిన్లతో కలిసి ఒంటె నడపడం, ఇసుకలో అడుగుజాడ చదవడం, నీళ్ళు ఎక్కడున్నాయో పోల్చుకోవడం, డేగను మచ్చిక చేయడం నేర్చుకున్నారు. ఇసుకలో ఒక గీత చూసి అది ఏ జంతువుదో, ఎప్పుడు వెళ్ళిందో, ఎటు వెళ్ళిందో చెప్పగలగడం అక్కడి వాళ్ళకు అక్షరాలు రావడం లాంటిది.

1946లో ఆయన అల్ ఐన్ ప్రాంతానికి పాలకుడి ప్రతినిధి అయ్యారు. ఖజానాలో డబ్బు లేదు. ఉన్న కొద్దిపాటి వనరులతోనే ఫలజ్ అనే పాత నేలమాళిగ కాలువలను బాగు చేయించి, తోటలకు నీళ్ళు అందేలా చూశారు.

1948లో విల్ఫ్రెడ్ థెసిగర్ అనే బ్రిటిష్ యాత్రికుడు ఎంప్టీ క్వార్టర్ ఎడారిని ఒంటెల మీద దాటి అల్ ఐన్‌లోని మువైజీ కోటకు వచ్చాడు. కోట బయట ముళ్ళచెట్టు నీడలో జనం మధ్య కూర్చుని తగాదాలు తీరుస్తున్న ముప్ఫయ్యేళ్ళ జాయెద్‌ను చూశాడు. ఒంటె సవారీలో, తుపాకి గురిలో బెదూయిన్లు తమతో సమానంగా లెక్కవేసిన షేక్ ఆయన అని తన యాత్రా గ్రంథంలో రాశాడు. తర్వాత చలికాలంలో మళ్ళీ వచ్చి ఆయనతో కలిసి డేగ వేటకు కూడా వెళ్ళాడు. ఆ మువైజీ కోట ఇప్పుడు మ్యూజియం. అల్ ఐన్ వెళ్ళినప్పుడు జూతో పాటు అది కూడా చూసి రావచ్చు.

పది రూపాయల సామాను, నిద్రలేని రాత్రులు

డేగ వేట గురించి కొంచెం వివరంగా చెప్పుకుందాం. నేర్పు అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది.

డేగ వేట మనకూ కొత్త కాదు. తెలుగులో వేట డేగను సాళువ అంటారు. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల వంశానికి ఆ పేరు దాని నుంచే వచ్చిందని చెబుతారు. ఇక్కడి వాళ్ళకు ముఖ్యమైన డేగలు రెండు, హుర్, షాహీన్. మగ డేగ కంటే ఆడ డేగ బాగా పెద్దది, బలమైనది కాబట్టి వేటకు ఆడదాన్నే కోరుకుంటారు.

పాత పద్ధతిలో డేగను పట్టి తెచ్చుకునేవాళ్ళు. చలికాలం ముందు ఉత్తరాది చల్లని దేశాల నుంచి డేగలు వలస వస్తాయి. సముద్రతీరంలోనో ఇసుక మైదానంలోనో మనిషి గుంట తవ్వుకుని కప్పుకొని దాక్కుంటాడు. దారం కట్టిన పావురాన్ని ఎరగా వదులుతాడు. డేగ పావురం మీద దిగి తినడంలో మునిగిపోయినప్పుడు మెల్లగా దారం లాగుతూ దగ్గరకు తెచ్చుకుని పట్టుకుంటాడు. అందుకు ఎన్ని రోజులు కూర్చోవాలో లెక్కలేదు.

పట్టుకున్నాక సామాను చూడండి. కళ్ళు కప్పే తోలు టోపీ, దాన్ని బుర్కా అంటారు. కాలికి కట్టే తాడు. చేతికి తొడుక్కునే దళసరి గుడ్డ తొడుగు. నేలలో గుచ్చి డేగను కూర్చోబెట్టే చెక్క పీఠం. అంతే. ఇంట్లో ఉన్న తోలు ముక్క, గుడ్డ, చెక్కతో చేసుకోగలిగినవే అన్నీ.

ఖర్చయ్యేది మనిషి సమయం. డేగను పట్టిన రోజు నుంచి దాన్ని చేతి మీదే ఉంచుకుంటారు. భోజనం దగ్గర, కాఫీ దగ్గర, మజ్లిస్‌లో, రాత్రి నిద్రవేళ కూడా పక్కనే. దానికి పేరు పెట్టి, పిలుస్తూ, చేతి మీదే తినిపిస్తారు. ఇంగ్లండ్‌లో 50 రోజులు పట్టే మచ్చిక ఇక్కడ రెండు మూడు వారాల్లో అయిపోవడం చూసి థెసిగర్ ఆశ్చర్యపోయాడు. డేగను ఒక్క క్షణం కూడా వదలకపోవడమే అందుకు కారణమని తెలుసుకున్నాడు.

ఇక అసలు వేట. ఇక్కడ డేగకు ప్రధానమైన ఎర హుబారా అనే పక్షి. మన కర్నూలు వైపు బట్టమేక పిట్ట అంటామే, దానికి దగ్గరి చుట్టం, సైజులో చిన్నది. ఇసుక రంగులో ఉంటుంది, కదలకుండా పొదలో నక్కితే పక్కనుంచి వెళ్ళినా కనపడదు. వేటగాడు దాని అడుగుజాడలు పట్టుకుని ఒంటె మీద గంటల తరబడి వెళ్ళాలి. అది లేచినప్పుడు డేగ టోపీ తీసి వదలాలి. హుబారా మామూలు పక్షి కాదు, దగ్గరకు వచ్చిన డేగ మీద జిగట రెట్ట చిమ్ముతుంది. అది రెక్కలకు అంటుకుంటే డేగ ఎగరలేదు. కాబట్టి రోజంతా తిరిగినా ఒకటో రెండో దొరకడం, ఒక్కోసారి ఏమీ దొరకకపోవడం మామూలే.

ఎండలు ముదిరే ముందు డేగను వదిలేసేవాళ్ళు. వేసవి వేడిలో దాన్ని బతికించడం కష్టం. వదిలిన డేగ ఉత్తరానికి వెళ్ళి గుడ్లు పెట్టి పిల్లలను లేపుతుంది. వచ్చే చలికాలానికి మళ్ళీ కొత్త డేగ, మళ్ళీ మొదటి నుంచి మచ్చిక.

మూడు గంటలు, 14 జింకలు

జాయెద్ కుర్రతనంలో డేగతో పాటు తుపాకితో కూడా వేటాడేవారు. గురి బాగా కుదిరిన మనిషి. ఒకసారి పెద్ద జింకల మంద ఎదురైంది. వెంటపడి కాల్చడం మొదలుపెట్టారు. మూడు గంటల తర్వాత లెక్కపెడితే 14 జింకలు పడి ఉన్నాయి.

మన చెరువు గట్టు తాతకూ అల్లుడుగారికీ మధ్య పోటీలో నేర్పు గెలిచింది కదా. ఇక్కడ పోటీ లేదు. నేర్పూ, మంచి ఆయుధమూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఫలితం 14. మరొకరైతే అది గొప్పగా చెప్పుకునే కథ అయ్యేది. జాయెద్ మాత్రం చాలాసేపు ఆలోచించారు. తుపాకి వేట జంతువుల మీద దాడి అనీ, ఇలా సాగితే అవి త్వరలోనే లేకుండా పోతాయనీ ఆయనకు అనిపించింది. ఇక డేగతో మాత్రమే వేటాడాలని నిర్ణయించుకున్నారు. డేగ వేట మీద 1976లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి ఆయనే రాసుకున్నారు.

సైన్స్ చదువుకున్నదాన్ని కాబట్టి ఈ లెక్క నాకు ఇలా అర్థమవుతుంది. ఒరిక్స్ అనే ఎడారి జింక కడుపుతో ఉండేది సుమారు ఎనిమిదిన్నర నెలలు. కనేది ఒక్క పిల్లను. ఒంటె మీద వేట ఉన్న రోజుల్లో జంతువులు తగ్గేకొద్దీ వెతకడం కష్టమయ్యేది, వేటగాడు అలిసిపోయి వెనక్కి వచ్చేవాడు. ఆ అలసటే జంతువులకు రక్షణ. జీపు, ఆటోమేటిక్ తుపాకి వచ్చాక వేటగాడి వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఒరిక్స్ గర్భం మాత్రం ఒక్క రోజు కూడా తగ్గలేదు. వేల ఏళ్ళుగా నడిచిన తూకం అలా చెడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మోటారు వాహనాల వేట అరేబియా అంతటా పాకింది. 1972 నాటికి అడవిలో స్వేచ్ఛగా తిరిగే అరేబియా ఒరిక్స్ ప్రపంచంలో ఒక్కటి కూడా మిగలలేదు.

డబ్బు వచ్చాక

అబుదాబీ నుంచి చమురు ఎగుమతి 1962లో మొదలైంది. 1966 ఆగస్టు 6న జాయెద్ అబుదాబీ పాలకుడయ్యారు. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ కలిసి ఒక దేశంగా ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడయ్యారు. ప్రపంచంలో ఏ వేట సామాను కావాలన్నా కొనగలిగిన మనిషి అయ్యారు. ఆ డబ్బులో కొంత ఎటు వెళ్ళిందో చూద్దాం.

1968లో అల్ ఐన్ జూ ప్రారంభమైంది. మనం పిల్లలను తీసుకెళ్ళి జిరాఫీలకు ఆకులు తినిపించే ఆ జూ వెనుక ఉన్న అసలు పని అంతరించిపోతున్న జంతువులను కాపాడడం. అడవిలో ఒరిక్స్ పూర్తిగా పోకముందే కొన్నింటిని పట్టించి తెచ్చి పెంచేలా జాయెద్ చేశారు. అదే జూలో 1977లో హుబారా పెంపకం మొదలుపెట్టారు. పంజరంలో ఆ పక్షి గుడ్లు పెట్టడమే కష్టం. మొదటి పిల్ల బయటికి రావడానికి 1982 వరకు ఆగాల్సి వచ్చింది. అయిదేళ్ళ ఓపిక.

1976 డిసెంబరులో ప్రపంచ దేశాల డేగ వేటగాళ్ళనూ శాస్త్రవేత్తలనూ అబుదాబీకి పిలిచి సదస్సు పెట్టించారు. 1983లో పక్షులు, జంతువుల వేటను కట్టడి చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది. 1995లో ఆయన పేరు మీద డేగలను వదిలే కార్యక్రమం మొదలైంది. వేట కాలం అయ్యాక డేగలను పరీక్షించి, గుర్తు వేసి, వాటి వలస దారిలో ఉన్న దేశాల్లో వదులుతారు. మొదటి ఏడాదే పాకిస్తాన్‌లో వందకు పైగా వదిలారు. పూర్వం పేదరికంలో ఎవరూ చెప్పకుండానే జరిగిన పనిని ఇప్పుడు విమానాలు, మైక్రోచిప్పులు పెట్టి చేయాల్సి వచ్చిందన్నమాట. 1999లో అబుదాబీ డేగల ఆసుపత్రి తెరిచారు. విరిగిన ఈకను మరో ఈకతో అతికించే వైద్యం చూడాలంటే అక్కడికి సందర్శకులను కూడా రానిస్తారు. 1997లో ప్రపంచ వన్యప్రాణి నిధి సంస్థ ఆయనకు బంగారు పాండా పురస్కారం ఇచ్చింది.

ఆయన వేట మానేశారని ఎవరూ పొరపడకండి. పెద్ద వయసులో కూడా చలికాలంలో డేగలతో పాకిస్తాన్‌లోని చోలిస్తాన్ ఎడారికి వెళ్ళేవారు. రహీం యార్ ఖాన్‌లో ఆయన పేరుతో విమానాశ్రయం, ఆసుపత్రి ఉన్నది అందుకే. ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. గల్ఫ్ నుంచి జీపుల వరుసలతో, వైర్‌లెస్ సెట్లతో, పదుల కొద్దీ డేగలతో వెళ్ళిన వేట బృందాల వల్ల హుబారా సంఖ్య దెబ్బతిన్నది. చేతి మీద డేగ ఉన్నంత మాత్రాన అది పాత వేట అయిపోదు. డేగ వెనక జీపు చేరితే అది మళ్ళీ సామాను వేటే. అందుకే హుబారాను పెంచి వదలడం ఇప్పుడు లక్షల్లో చేయాల్సి వస్తోంది. అబుదాబీ పశ్చిమ ప్రాంతంలోని అల్ మర్జూమ్ రిజర్వులో ఈ రోజుకీ తుపాకికి చోటు లేదు. డేగ, సలూకి, ఒంటె, అదీ పెంచి వదిలిన హుబారా మీద మాత్రమే.

సముద్రంలోనూ ఇదే కథ

చేపల సంగతి కూడా ఒక మాట చెప్పాలి, మన వంటింటికి దగ్గరి విషయం కాబట్టి. మీనా మార్కెట్‌కు వెళ్ళి హమూర్ ధర అడిగి, వంజరంతో సరిపెట్టుకుని వచ్చే ఇల్లాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. గర్గూర్ అనే గుమ్మటం లాంటి బోను ఇక్కడి సంప్రదాయ వల. పూర్వం ఈత కమ్మల ఈనెలతో అల్లేవారు. సముద్రంలో పోగొట్టుకుంటే కొన్నాళ్ళకు కుళ్ళి విడిపోయేది. తర్వాత ఇనుప తీగ వచ్చింది, పెద్ద ఇంజను పడవలు వచ్చాయి. తీగ బోను తాడు తెగి అడుగున పడిపోతే, అది చాలాకాలం అలాగే ఉండి, ఎవరూ తీయకపోయినా చేపలను పట్టి చంపుతూనే ఉంటుంది. హమూర్, షేరీ చేపలు బాగా తగ్గిపోయాక 2019లో అబుదాబీ నీళ్ళలో గర్గూర్‌ను నిషేధించారు. సామాను బలపడింది, సముద్రం చిక్కిపోయింది. వారాంతంలో పిల్లలతో గాలం పట్టుకుని వెళ్ళాలనుకునేవారు అబుదాబీలో ముందుగా లైసెన్సు తీసుకోవాలని కూడా గుర్తుంచుకోండి.

మన బట్టమేక పిట్ట దాకా

షేక్ జాయెద్ 2004 నవంబరు 2న కన్నుమూశారు. తెల్లని పెద్ద మసీదు పక్కనే ఆయన సమాధి ఉంది. ఆయన పోయాక మూడేళ్ళకు, 2007లో, అబుదాబీ ఎడారిలో ఒరిక్స్‌లను మళ్ళీ స్వేచ్ఛగా వదలడం మొదలైంది. 2011లో ఒరిక్స్‌కు అంతరించే ప్రమాదం కొంత తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది. అడవిలో పూర్తిగా పోయి, అంత మెరుగుపడి తిరిగొచ్చిన తొలి జంతువు అదే. 2010లో డేగ వేటను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ కథలో మనకు సంబంధించిన చివరి భాగం ఒకటుంది. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. అయినా గడ్డి భూములు తగ్గి, పాత వేట దెబ్బ నుంచి తేరుకోలేక, కరెంటు తీగలు తగిలి ఆ పక్షి దేశమంతటా కలిపి రెండు వందలు కూడా లేని స్థితికి వచ్చింది. రోళ్ళపాడులో ఇప్పుడు అది కనపడితేనే వార్త. రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర మన శాస్త్రవేత్తలు దాన్ని పెంచే పని పెట్టుకున్నారు. అందుకు కావలసిన విద్యను నేర్చుకోవడానికి వచ్చింది అబుదాబీలోని హుబారా సంరక్షణ సంస్థ దగ్గరికే. ఆ విద్యతో, కృత్రిమ గర్భధారణ పద్ధతిలో, 2024లో అక్కడ మొదటి బట్టమేక పిల్ల పుట్టింది. అల్ ఐన్ జూలో అయిదేళ్ళు ఓపిక పట్టి నేర్చుకున్న పాఠం ఇన్నేళ్ళకు మన పిట్ట దగ్గరికి చేరిందని అనుకోవచ్చు.

ఖరీదైన సామానా, నేర్పా అని అడిగితే జాయెద్ జీవితం చెప్పే జవాబు ఇది. సామాను ఎక్కువ తెచ్చిపెడుతుంది, అందులో సందేహం లేదు. 14 జింకలే అందుకు సాక్ష్యం. అయితే ఎక్కడ ఆగాలో ఏ సామానూ చెప్పదు. ఆ తెలివి అడుగుజాడలు చదివినవాడికి, డేగను రాత్రంతా చేతి మీద మోసినవాడికి, వట్టి చేతులతో ఇంటికి రావడం అలవాటైనవాడికి వస్తుంది. అడిహెక్స్‌లో పిల్లలు ఖరీదైన గాలం ముందు నిలబడి కావాలని అడిగితే కొనివ్వండి, తప్పేం లేదు. దాంతో పాటు ఏ చేపను తిరిగి నీళ్ళలోకి వదలాలో కూడా నేర్పించండి.